ఆరాం నగర్‌లో ఆరాం లేదు

వర్షాకాలం వచ్చిందంటే మా వెర్సోవాలో బట్టలు ఆరవండీ. ఓ పక్క సముద్రపు గాలి, దానికి తోడు ముసురు. మీరు పెరట్లో దండెం మీద వేసి గంటలో తీసి మడతపెట్టే చీర మా ఇంట్లో మూడు రోజులు ఫ్యాను కింద వేలాడుతుంది. అప్పటికీ ఏదో ముక్క వాసన వదలదు.

కిందటి జూలైలో ఓ రోజు పొద్దున్నే ఎదురు ఫ్లాటు కుర్రాడు తలుపు కొట్టాడు. చేతిలో నీళ్లోడుతున్న నల్ల చొక్కా. "ఆంటీ, ఇస్త్రీ పెట్టె ఇస్తారా? పదకొండింటికి ఆడిషన్" అన్నాడు. తడి చొక్కాని పెట్టెతో ఆరబెడదామని వాడి ఉద్దేశం. నేనే లోపలికి రమ్మని, చొక్కాని పొడి తువ్వాలులో చుట్టి, గట్టిగా పిండి, తువ్వాలు తీసేసి ఇస్త్రీ చేశాను. (మీరూ చేసి చూడండి, సగం తడి తువ్వాలే పీల్చేస్తుంది.) వాడు ఈలోగా నేను పెట్టిన ఉప్మా తిని, వెచ్చని చొక్కా తొడుక్కుని పరుగెత్తాడు. ఒంటిగంట కాకుండానే తిరిగొచ్చాడు. "ఏమైందిరా" అంటే, "నాట్ ఫిట్" అన్నాడు. అంతే.

ఈ ‘నాట్ ఫిట్’ అన్న మాట మీకు కొత్తేమో కానీ, మా పేటలో పాలవాడి కేక ఎంత మామూలో ఇదీ అంతే. అంధేరీ వెస్టులో స్టేషన్ దాటి సముద్రం వైపు వస్తే లోఖండ్‌వాలా, యారీ రోడ్డు, వెర్సోవా వస్తాయి. హిందీ సినిమాల్లో నటించాలని ఊళ్లు వదిలి వచ్చేవాళ్లలో చాలామంది దిగేది ఇక్కడే. వాళ్లని ఇక్కడ ‘స్ట్రగ్లర్’ అంటారు. గుమాస్తా, టీచరు అన్నట్టే అదీ ఓ ఉద్యోగం పేరయిపోయింది. "ఎదురింట్లో ఎవరుంటారు?" అంటే "ఎవరో స్ట్రగ్లర్లు" అని మా వాచ్‌మన్ కూడా చెప్తాడు.

మా ఇంటికి పదిహేను నిమిషాల నడకలో ఆరాం నగర్ ఉంది. పేరు చూస్తే పింఛనుదార్ల కాలనీ అనుకుంటాం. పాతకాలపు ఒంటి అంతస్తు ఇళ్లు, సన్న సందులు, అక్కడక్కడా చెట్లు. ఆ ఇళ్లలో చాలావాటిని నటుల్ని ఎంపిక చేసే కాస్టింగ్ ఆఫీసులకు అద్దెకిచ్చేశారు. పొద్దున పదింటి నుంచీ ఆ సందుల నిండా పిల్లలే. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి, ఈరోజు ఆడిషన్ ఏమైనా ఉందా అని అడుగుతారు. లోపలినుంచి ఓ అసిస్టెంటు వచ్చి ఎగాదిగా చూసి, పాత్రకు సరిపోతే ‘ఫిట్’, లేకపోతే ‘నాట్ ఫిట్’. పొడుగెక్కువైనా, పొట్టయినా, మరీ అందంగా ఉన్నా, అందం చాలకపోయినా అదే మాట. ఫిట్ అయితే ఓ కాగితం ఇస్తారు. అందులోని నాలుగు ముక్కలు బట్టీపట్టి, కెమెరా ముందు పేరు, ఎత్తు చెప్పి, ఎడమవైపు ఓసారి, కుడివైపు ఓసారి తిరిగి చూపించి, ఆ ముక్కలు చెప్పి బయటికి రావాలి. తర్వాత ఫోను రాదు. పెళ్లిచూపులు గుర్తొస్తున్నాయా? నాకైతే అచ్చం అలాగే అనిపిస్తుంది. మనకి ఏ నాలుగైదుసార్లో జరిగి ఉంటుంది, వీళ్లకి రోజుకి నాలుగుసార్లు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? మా అక్కయ్య కొడుకు వల్ల. 2016 జూన్‌లో హనుమకొండ నుంచి ఓ సూట్‌కేసు, ఓ ఆవకాయ జాడీతో దిగాడు. ఇంజనీరింగ్ పూర్తయింది. "రెండు నెలలు పిన్నీ, అంతే. ఏదో ఒకటి తేలిపోతుంది" అన్నాడు. నేనూ సరే అన్నాను. మావారు మాత్రం పేపరు మడిచి, "హైదరాబాద్‌లో మన సినిమాలుండగా ఇంతదూరం ఎందుకురా?" అనడిగారు. వాడికి హిందీ సినిమాలే ఇష్టం. అదీ పెద్ద హీరోలవి కాదు. ‘సత్య’ సినిమా ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

ఇష్టపడటంలో తప్పేముంది లెండి. ఆ ‘సత్య’ తీసింది మన రామ్‌గోపాల్ వర్మే, 1998లో. అందులో భీకూ మాత్రేగా వేసిన మనోజ్ బాజ్‌పాయ్ బీహార్‌లో బేల్వా అనే పల్లెటూరివాడు, రైతుబిడ్డ. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరాలని మళ్లీ మళ్లీ ప్రయత్నించినా సీటు రాలేదు. మీరతన్ని ‘వేదం’లో రహీముద్దీన్‌గా చూసే ఉంటారు. అంతకుముందు మనవాళ్లు వెళ్లలేదా? కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి హీరో అయ్యాడు, 1980లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. మావాడికి ఈ పేర్లన్నీ నోటికే వచ్చు. వాళ్ల నాన్నకి, అంటే మా బావగారికి, చెప్పి చెప్పి ఆయన్ని విసిగించాడు. ఆయన హైస్కూల్ హెడ్మాస్టరు. "ఒక్క ఏడాది. నా దగ్గర్నుంచి పైసా రాదు" అని తేల్చేశారు.

వచ్చిన కొత్తలో మావాడికి తగిలిన మొదటి దెబ్బ ఏమిటో తెలుసా? హిందీ! వాడు గలగలా మాట్లాడేస్తాడు. కానీ అది మన వైపు హిందీ. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకూ’. మొదటి ఆడిషన్లో కెమెరా వెనకున్న అమ్మాయి నవ్వేసిందట. దాంతో వీడికి వచ్చేవన్నీ ఒకే రకం పిలుపులు. అడ్వర్టైజ్‌మెంటులో హీరోకి మద్రాసీ స్నేహితుడు, ఆఫీసులో మద్రాసీ కంప్యూటర్ కుర్రాడు. మనం ఎంత చెప్పినా వాళ్లకి వింధ్య దాటితే అందరూ మద్రాసీలే. వాడికి పౌరుషం వచ్చి, ప్రేమ్‌చంద్ కథల పుస్తకం కొనుక్కొచ్చి, రోజూ పొద్దున్న బాల్కనీలో గంటసేపు పైకి చదవడం మొదలెట్టాడు. మా కుక్కర్ విజిళ్లు, వాడి ప్రేమ్‌చందూ పోటీ పడేవి. గసగసాలు నూరుతూ వింటూంటే ఏడాది తిరిగేసరికి నా ఉచ్చారణ కూడా మారిందని మా మరాఠీ పొరుగావిడ అంది.

మూడో నెలలో వాడు ఎదురు ఫ్లాటుకి మారాడు. ఒక హాలు, ఒక పడగ్గది, నలుగురు కుర్రాళ్లు. ఒకడు లక్నో, ఒకడు ఇండోర్, ఒకడు ధన్‌బాద్. వంతులవారీగా పరుపు మీద ఒకరు, నేల మీద ముగ్గురు. ఇక్కడ అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాస్తారు. అది అయిపోగానే పెంచుతారు, లేదా పొమ్మంటారు. పెళ్లికానివాళ్లకు ఇవ్వం, సినిమావాళ్లకు అసలే ఇవ్వం అనే సొసైటీలు బోలెడు. మా బిల్డింగ్ మీటింగులో కూడా ఈ రభస జరిగింది. నేను చెయ్యెత్తి, "ఆ నలుగురిలో ఒకడు మా అబ్బాయి" అంటే ఊరుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

వాడొచ్చిన రెండో నెలలో అక్కయ్య ఫోన్ చేసింది. "చీటీ పాడాను. నెలకి ఎనిమిది వేలు నీ అకౌంట్లో వేస్తాను, వాడికియ్యి. మీ బావకి తెలియనివ్వకు" అంది. చిన్నప్పట్నుంచీ అక్క మాట కాదనడం నాకు రాదు. ఊఁ అన్నాను. అలా 2016 ఆగస్టు నుంచి 2019 జూలై దాకా, మూడేళ్లు. నేను పాల పద్దు రాసే పుస్తకంలోనే చివరి పేజీల నుంచి వెనక్కి ఈ లెక్క కూడా రాసేదాన్ని. వాడి వాటా అద్దె ఏడువేల ఐదువందలు. ఫోటోల ఆల్బమ్‌కి, అదే పోర్ట్‌ఫోలియో అంటారు, ముప్ఫై వేలు. జిమ్ము. ఆటోలు. ఆడిషన్ బట్టలు: పోలీసుకి ఖాకీ రంగు చొక్కా, పెళ్లికొడుక్కి కుర్తా, ఆఫీసరుకి కోటు. వాళ్ల ఇంటి బీరువా తెరిస్తే నాటకాల కంపెనీలా ఉండేది. నటన నేర్పే మూడు నెలల కోర్సుకని అక్కయ్య రెండు గాజులు అమ్మింది. అదీ బావగారికి చెప్పలేదు. బ్యాంకు లాకర్లో ఉన్నాయంది.

అటుపక్క రాబడి కూడా రాశాను. నేరాల సీరియల్లో రెండు ఎపిసోడ్లు, ఓసారి దొంగ, ఓసారి దొంగ తమ్ముడు. ఒక పెయింటు అడ్వర్టైజ్‌మెంటులో నిచ్చెన పట్టుకున్నవాడు. సినిమాలో ఓ షాట్ తీశారు, విడుదలయ్యాక చూస్తే లేదు. టీవీలో పని చేసిన డబ్బు చేతికొచ్చేది తొంభై రోజులకట. అదీ మధ్యలో పని ఇప్పించిన కోఆర్డినేటరు వాటా తీసుకున్నాక. మూడేళ్లలో రాబడి లక్షా పన్నెండు వేల ఐదువందలు. ఖర్చు రాయను లెండి, గాజులు కలపకుండానే దానికి నాలుగింతలు.

మీరు ఇంటర్వ్యూలు చదువుతారు కదా. ఫలానా నటుడు పన్నెండేళ్లు కష్టపడి పైకొచ్చాడని. పంకజ్ త్రిపాఠీది బీహార్‌లో గోపాల్‌గంజ్ జిల్లా. పాట్నాలో ఓ హోటల్ వంటింట్లో పనిచేసి, ఢిల్లీలో నటన చదువుకుని 2004లో ముంబై వచ్చాడు. ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ వచ్చింది 2012లో. మధ్యలో ఎనిమిదేళ్లు ఇల్లు ఎలా గడిచింది? ఆయన భార్య మృదుల స్కూల్లో టీచరుగా చేసింది. ఆ జీతంతోనే అద్దె, పాలు, బియ్యం అన్నీ. ఈ మాట ఆయనే దాచుకోకుండా చెప్తాడు, అందుకే నాకతనంటే గౌరవం. బొమన్ ఇరానీని ‘అత్తారింటికి దారేది’లో తాతగారిగా చూశాం. ఆయన తల్లితో కలిసి ఏళ్లతరబడి చిప్స్ దుకాణం నడిపి, 2003లో ‘మున్నాభాయ్ ఎంబీబీఎస్’ వచ్చేనాటికి నలభై నాలుగేళ్లవాడు. దుకాణం ఉంది కాబట్టి పొయ్యి వెలిగింది. మన ‘సైనికుడు’లో విలన్‌గా వేసిన ఇర్ఫాన్ ఖాన్‌కి 1988లోనే ‘సలాం బాంబే’లో వేషం దొరికింది, కానీ తీరా చూస్తే అది చిన్న ముక్కగా మిగిలింది. తర్వాత ఏళ్లకేళ్లు సీరియళ్లే. భార్య సుతాపా ఆయనతో పాటు చదువుకున్నదే, రచయిత్రి. 2020లో ఆయన పోయినప్పుడు మా వీధిలో కూడా చాలామంది కుర్రాళ్లు ఏడ్చారు.

మా ఎదురింటి కుర్రాళ్ల దేవుడు మాత్రం నవాజుద్దీన్ సిద్దిఖీ. ఉత్తరప్రదేశ్‌లో బుఢానా అనే ఊరు. ముందు కెమిస్టు, తర్వాత ఢిల్లీలో వాచ్‌మన్. 1999లో ‘సర్ఫరోష్’లో ఒక్క సీను. 2003లో ‘మున్నాభాయ్’లో స్టేషన్లో దెబ్బలు తినే జేబుదొంగ. 2012లో ‘కహానీ’, ‘వాసేపూర్’. పదమూడేళ్లు! మొన్న 2024లో వెంకటేష్ ‘సైంధవ్’లో కూడా చేశాడు. ధన్‌బాద్ కుర్రాడు మంచం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో 1999 నుంచి 2012 వరకూ గీతలు గీసి, తను వచ్చిన ఏడాది నుంచి పక్కన ఇంకో వరస గీసుకున్నాడు. ఆ గోడ చూసిన రోజు నాకు రాత్రి అన్నం సయించలేదు. పదమూడేళ్లు కాచుకుని వెనక్కి వెళ్లిన వాళ్లని ఇంటర్వ్యూ చేసేదెవరండీ? వాళ్లు చాలా ఎక్కువమంది. నేను చూశాను. మూడో అంతస్తులో ఉండే ఒకాయన నలభై ఆరో ఏట సామాను ఆటోలో వేసుకుని కాన్పూర్ రైలెక్కాడు. వెళ్తూ వెళ్తూ పోర్ట్‌ఫోలియో మా మెట్ల కింద పాత పేపర్ల దగ్గర పెట్టాడు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. మా కింది ఫ్లాటులో ముగ్గురు అమ్మాయిలుండేవారు. అందులో జైపూర్ పిల్ల ఒకతె నా దగ్గర పులిహోర నేర్చుకుంది. 2018లో ఓ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసింది. గొంతు సన్నగా ఉంది. "ఆంటీ, జుహూలో ఉన్నాను. మీటింగ్ కాఫీ షాపులో అన్నారు. ఇప్పుడు స్క్రిప్టు పై గదిలో ఉంది, రమ్మంటున్నారు" అంది. నేను కూర దింపేసి, ఇంట్లో కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కాను. వెళ్లేసరికి ఆ పిల్ల హోటల్ గేటు బయట, వాచ్‌మన్ కుర్చీ పక్కన నిలబడి ఉంది. పైకి వెళ్లలేదు. ఆటోలో ఒక్కమాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "అమ్మకి చెప్పకండి ఆంటీ, రేపే రమ్మంటుంది" అని బావురుమంది. చూశారా, మళ్లీ అదే. తెలియనివ్వకు, చెప్పకు.

ఆ తర్వాత ఆ అమ్మాయిల ఇంట్లో ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించాం. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరు పిలిచారు, ఎన్నింటికి వస్తారు. ఆడిషన్ ఆఫీసులోనే, పగటిపూటే. గది అన్నారంటే వెనక్కి. ఇంకో మాట, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా ఇది ఒకటే: ఆడిషన్‌కి డబ్బు కట్టమన్నవాడు మోసగాడు. రిజిస్ట్రేషన్ అంటారు, ఆర్టిస్టు కార్డు అంటారు, గోవాలో షూటింగ్, హోటల్ బుకింగ్‌కి ముందు పదివేలు పంపండి తర్వాత తిరిగిస్తాం అంటారు. పనిస్తే వాళ్లు మనకివ్వాలి గానీ మనం కట్టడమేమిటి? లక్నో కుర్రాడు ఇలాగే పన్నెండు వేలు పోగొట్టుకుని, నెలరోజులు మా ఇంట్లో సాంబారన్నం తిన్నాడు.

మన వహీదా రెహమాన్ సంగతి తెలుసు కదా. 1955లో ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకి ఆడిన పిల్ల. గురుదత్ చూసి బొంబాయి పిలిపించాడు. 1956లో ‘సి.ఐ.డి.’ వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా నిండని ఆ పిల్ల, పేరు మార్చుకోమంటే మార్చుకోనంది. నచ్చని బట్టలు వేసుకోనని ఒప్పందంలో రాయించుకుంది. పక్కన వాళ్లమ్మ ఉంది. 2023లో ఆవిడకి ఫాల్కే అవార్డు ప్రకటించినప్పుడు నేను జైపూర్ పిల్లకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ పిల్ల ఇప్పుడు సీరియళ్లలో హీరో వదినగా వేస్తోంది. రోజుకి పన్నెండు గంటలు, బరువు నగలు, మెడనొప్పి. అయినా నెలనెలా ఇంటికి డబ్బు పంపుతోంది. నీనా గుప్తా 2017లో, ముంబైలోనే ఉంటున్నాను, మంచి నటిని, మంచి వేషాలు కావాలి అని ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనపడేట్టు రాసుకుంది కదా, మరుసటేడు ‘బధాయీ హో’ వచ్చింది. అది చదివి జైపూర్ పిల్ల, "అంత పెద్దావిడే అడిగింది, నాకు సిగ్గెందుకు" అని తెలిసినవాళ్లందరికీ పేరుపేరునా మెసేజ్ పెట్టింది. ఆ వదిన వేషం అలా వచ్చిందే.

మళ్లీ మా ఇంటి కథకి వస్తాను. 2019 జూలైలో మా అక్కయ్య చిన్నకూతురికి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చింది. బావగారు, "నీ చీటీ డబ్బుందిగా, తీయ్" అన్నారట. అక్కయ్య నోరు పెగల్లేదు. అంతా బయటపడింది. ఆ రాత్రి బావగారు నాకు ఫోన్ చేశారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మూడేళ్లు ప్రతి ఆదివారం నాతో మాట్లాడావు. వాడెలా ఉన్నాడంటే బాగున్నాడన్నావు. నేను ఒక్క ఏడాది అన్నాను కదా, ఆ ఏడాది అయిపోయాక వాడు ఏం తింటున్నాడని నేను ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలుసా? అడగడానికి నాకు మొహం లేకుండా చేశారు మీరిద్దరూ" అన్నారు.

నేనేం చెప్పను? ఆయన కోపం డబ్బు గురించనే నేననుకుంటూ వచ్చాను. కాదు. ఆయనకి తెలిసుంటే ఇచ్చేవారో లేదో నాకు తెలియదు, కానీ రమ్మనేవారు, కూర్చోబెట్టి అడిగేవారు. ఎంత ఉంది, ఎన్నాళ్లు, ఆ తర్వాతేమిటి అని. ఆ మూడు ప్రశ్నలూ వాణ్ని ఎవరూ అడగలేదు. అక్కయ్య అడగలేదు, పంపడమే ప్రేమ అనుకుంది. నేనడగలేదు, పుస్తకంలో రాస్తున్నానుగా అనుకున్నాను. వాడూ అడుక్కోలేదు, ఎనిమిది వేలు వస్తున్నాయి కదా. ఇలా వెళ్తానన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, వెళ్లనియ్యాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను చెప్పను. కానీ పంపేటట్టయితే ఇంట్లో అందరి ముందూ పద్దు వేసి పంపండి. పోయినా ఇల్లు కూలదు అనే మొత్తం ఎంతో ముందే రాసుకోండి. చెల్లెలి ఫీజు అందులోంచి తియ్యొద్దు.

వాడు ఆ నెల నుంచి డబ్బు వద్దన్నాడు. పొద్దున ఆరాం నగర్, సాయంత్రం స్కూలు పిల్లలకి లెక్కల ట్యూషన్లు. ఇంజనీరింగ్ చదివినందుకు అదైనా పనికొచ్చింది. 2020 మార్చిలో షూటింగులన్నీ ఆపేశారు. ఎదురింటి నలుగురిలో ఇద్దరు ఊళ్లకి వెళ్లిపోయారు, ఒకడు మళ్లీ రాలేదు. లాక్‌డౌన్లో ఇద్దరూ మా ఇంట్లోనే తిన్నారు. ధన్‌బాద్ కుర్రాడు చపాతీలు గుండ్రంగా చేయడం అప్పుడే నేర్చుకున్నాడు. ఆ జూన్ 14న సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ వార్త వచ్చిన మధ్యాహ్నం హనుమకొండ నుంచి ఫోన్ వచ్చింది. అక్కయ్య కాదు, బావగారు. పది నెలలుగా కొడుకుతో మాట్లాడని మనిషి. "వాడికివ్వు" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. హాల్లో వాళ్లు గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఇప్పుడు వాడు ఏం చేస్తున్నాడంటే, గొంతు అరువిస్తున్నాడు. మన తెలుగు సినిమాలకి హిందీలో ఎంత గిరాకీయో మీకు తెలిసిందే. ‘బాహుబలి’లో ప్రభాస్‌కి హిందీలో గొంతిచ్చింది శరద్ కేల్కర్, ‘పుష్ప’లో అల్లు అర్జున్‌కి శ్రేయస్ తల్పడే. ఇద్దరూ నటులే. పెద్దగొంతులు వాళ్లవైతే, హీరో వెనకాల "పదండ్రా" అనే పదిమంది గొంతులు కూడా ఎవరో ఇవ్వాలి కదా. మావాడు అక్కడ మొదలెట్టాడు. తెలుగు వచ్చు, ప్రేమ్‌చంద్ పుణ్యమా అని హిందీ తేటపడింది. తెలుగు పెదాల కదలికకి సరిపోయే హిందీ మాట వెతకడం వాడికి బాగా చేతనయింది. ఇప్పుడు మాటలు కూడా రాస్తున్నాడు. అద్దె తనే కట్టుకుంటాడు. అక్కయ్యకి ఒక గాజు చేయించాడు, రెండోది వచ్చే ఏడాదట. ఆడిషన్లు మానలేదు. కాకపోతే ఇప్పుడు సందులు తిరిగే పని తగ్గింది. కరోనా తర్వాత ఇంట్లోనే ఫోన్లో రికార్డు చేసి పంపమంటున్నారు. సెల్ఫ్ టేప్ అంటారు.

దానికో చిక్కుంది. ఎదుటి పాత్ర మాటలు ఎవరో ఒకరు కెమెరా వెనక నుంచి చదివి అందించాలి. మామూలుగా నేను చదువుతాను. కిందటి నెల బావగారు మొదటిసారి ముంబై వచ్చారు, మోకాలి డాక్టరుకి చూపించుకుందామని. ఆ మర్నాడే మావాడికో టేప్ పంపాల్సి వచ్చింది. నాకు గొంతు పట్టేసింది. సీను ఏమిటంటే, ఇల్లు వదిలి వెళ్తానన్న కొడుకుతో తండ్రి వాదన. బావగారు కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకున్నారు. ఆయన హిందీ అచ్చం హనుమకొండ బస్టాండు హిందీ. మొదటిసారి చదవగానే మావాడు, "నాన్నా, మీరు నా వైపు చూడాలి, కెమెరా వైపు కాదు" అన్నాడు. రెండోసారి, "అంత గట్టిగా కాదు నాన్నా." మూడోసారి ఆయనకి కోపం వచ్చి, "తండ్రన్నవాడు ఇక్కడ గట్టిగానే అంటాడురా, రాసినవాడికి తెలీదు" అన్నారు. తొమ్మిదిసార్లు తీశారు. నేను టీ రెండుసార్లు వేడిచేశాను.

ఆ టేప్ పంపి ఇరవై రెండు రోజులైంది. అవతల్నుంచి ఫోను లేదు. బావగారి దగ్గర్నుంచి మాత్రం రోజు విడిచి రోజు వస్తోంది. "వాళ్లేమన్నా చెప్పారా? పోనీ, తండ్రి గొంతు ఎవరిదని అడిగారా?" అని.